లెక్చర్లకి ఐదు స్టార్లు, ప్రాక్టీసుకి ఒకటిన్నర

నేను ఈ కోర్సు కొన్నది అసలు తప్పుడు కారణానికి. ఆఫీసు కాల్స్‌లో నేనొకటి అంటే అవతలివాళ్ళు ఇంకోటి విని "మళ్ళీ చెప్పండి" అనడం రెండు మూడుసార్లు జరిగింది, ఒకసారైతే టీమ్ మొత్తం మ్యూట్‌లో నవ్వుకున్నారని తర్వాత తెలిసింది, ఇక ఉచ్చారణ సంగతి తేల్చుకోవాల్సిందే అని వెతుకుతుంటే ఇది తగిలింది. 14 లెక్చర్లు, ఒక్కోటి 50 నిమిషాల పైచిలుకు, వాటితోపాటు ఒక ప్రాక్టీసు సైటు. చెప్పేది ఒక భాషాశాస్త్ర ప్రొఫెసర్. మనిషి మాటలోని ధ్వనుల్ని ఎలా నేర్చుకుంటాడు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని నలభై ఏళ్ళు పైగా పనిచేసి రిటైరైన ఆవిడ. ఉచ్చారణ బాగుచేస్తామని ఆవిడ ఎక్కడా మాటివ్వలేదు. ఆ మాటిచ్చింది కోర్సు అమ్మేవాళ్ళు.

కోర్సు పేరు, ఆవిడ పేరు రాయడం లేదు. కాసేపట్లో ప్రాక్టీసు సైటుని గట్టిగా తిట్టబోతున్నాను, అది చేసింది వేరే టీమ్ అని చివరి క్రెడిట్స్‌లో ఉంది, ఆ బురద ఆవిడ మీద పడడం నాకిష్టం లేదు. అయినా ఇలాంటి కోర్సు ఎవరిది కొన్నా ఏం చూసుకోవాలో ఇది చదివితే తెలుస్తుంది.

మొదటి లెక్చర్ ఒక వాసనతో మొదలవుతుంది. కాగితం కాలిన వాసన. ఆవిడ విద్యార్థిగా ఉన్నప్పుడు ఇప్పట్లా లాప్‌టాప్‌లో ధ్వని బొమ్మ చూసే రోజులు కావు. సోనాగ్రాఫ్ అని ఒక పెద్ద యంత్రం ఉండేదట. మాట రికార్డు చేసి, గుండ్రంగా తిరిగే డ్రమ్ముకి ప్రత్యేకమైన కాగితం చుడితే, సూది దాన్ని కాల్చుకుంటూ గీతలు గీసేది. ఒక్కసారికి 2.4 సెకన్ల మాట మాత్రమే పట్టేది. అంటే మనం "ఏమండీ, భోజనానికి ఎప్పుడొస్తారు" అనే లోపే కాగితం అయిపోతుంది. అలాంటి కాగితాలు పెట్టెల నిండా దాచుకుంది. ఒకటి కెమెరా ముందు పట్టుకుని, వేలితో ఒక నల్లచార మీద ఆపి, ఇది నా గొంతే అని చూపించింది. నేను ఆ క్షణానికే కోర్సుకి పడిపోయాను, నిజం చెప్పాలంటే.

ఆవిడ పద్ధతి ఏమిటంటే చాలా లెక్చర్లని ఆ కాలంలో తనేం నమ్మిందో చెప్పి మొదలుపెడుతుంది, దాన్ని ఏ ప్రయోగం పడగొట్టిందో చెప్పి ముగిస్తుంది. ఇంత పొడుగు ఉద్యోగం చేసినవాళ్ళు మామూలుగా తమ గొప్పలు చెప్పుకుంటారు కదా, ఇక్కడ పూర్తి తిరగేసి ఉంది. 14 లెక్చర్లలో కనీసం ఆరింటిలో ఆవిడ తప్పు అని తేలుతుంది, అది చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో సంతోషం చూడాలి.

రెండో లెక్చర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి. ప, బ ల గురించి. ఈ రెంటికీ తేడా ఎక్కడుందంటే, పెదాలు విడిపోవడానికీ గొంతు మోగడం మొదలవడానికీ మధ్య ఎంత సమయం ఉంది అన్నదాంట్లో. లెక్క మిల్లీసెకన్లలో. లిస్కర్, ఏబ్రమ్‌సన్ అనే ఇద్దరు 1964లో పదకొండు భాషల్లో దీన్ని కొలిచారు, ఇప్పుడు ఎవరు ఏ భాషలో, మన తెలుగులోనైనా సరే, ప, బ లాంటి హల్లుల్ని కొలిచినా ఆ కొలబద్దే వాడతారు. ఆవిడ కంప్యూటర్‌తో చేసిన ధ్వనుల్ని బ నుంచి ప దాకా మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. అన్ని మెట్లకీ మధ్య దూరం ఒకటే. కానీ చెవికి అలా వినబడదు. బ, బ, బ, బ, ఆ తర్వాత ఠక్కున ప, ప, ప. మధ్యలో ఉన్నది మధ్యలో ఉన్నట్టు వినబడనే వినబడదు. నేను నాలుగుసార్లు వెనక్కి వేసి విన్నాను, ఏదో మోసం చేస్తోందని.

1971లో పీటర్ ఐమాస్ బృందం నెల వయసు, నాలుగు నెలల వయసు పసిపిల్లల మీద ఇదే చూసింది. నోట్లో పాలపీక పెట్టి, పిల్లలు ఎంత గట్టిగా, ఎంత వేగంగా చప్పరిస్తున్నారో కొలిచారు. ఒకే ధ్వని వింటూంటే విసుగొచ్చి చప్పరించడం తగ్గుతుంది, కొత్త ధ్వని వస్తే మళ్ళీ జోరందుకుంటుంది. నెల పిల్లలు కూడా పెద్దవాళ్ళు ఎక్కడ గీత గీస్తారో ఇంచుమించు అక్కడే తేడా పట్టారు. అంటే మాట్లాడే శక్తి మనిషికి పుట్టుకతోనే వచ్చిందని అందరూ చంకలు గుద్దుకున్నారట, ఆవిడతో సహా. నాలుగేళ్ళకి, 1975లో, కుల్, మిల్లర్ అనే ఇద్దరు చించిల్లాల మీద పరీక్ష పెట్టారు. చించిల్లా అంటే కుందేలంత కూడా లేని బొచ్చు జంతువు. అవి కూడా ట, డ లాంటి జతకి దాదాపు మనుషులు గీసిన చోటే గీత గీశాయి. ఇది చెప్పి ఆవిడ ఒక ఐదు సెకన్లు ఊరికే కెమెరా వైపు చూస్తుంది. అంతే, ఏమీ అనదు.

ఇక్కడ నా సొంత పిట్టకథ ఒకటి. ఆ లెక్చర్ విన్నాక తెలుగులో మనం ఏం చేస్తున్నామో గమనించడం మొదలుపెట్టాను. ఇంగ్లీషువాళ్ళు "పెన్" అనేటప్పుడు పెదాలు విడగానే బోలెడు గాలి వదులుతారు, నిజానికి అది మన ప కన్నా ప కింద ఒత్తు పెట్టిన ధ్వనికి దగ్గర. మనం మాత్రం హాయిగా ప తో రాసేసి ప అనే వింటాం. మాట మొదట్లో వాళ్ళ బ లో చాలాసార్లు మనకి ఉన్నంత ముందస్తు మోత ఉండదు, అది మన ప కి దగ్గరగా జరుగుతుంది. అంటే వాళ్ళ రెండు ధ్వనులూ మనవాటికి ఒక మెట్టు పక్కన ఉన్నాయి, అయినా ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. చెవి అంత సర్దుబాటు చేసేసుకుంది. ఇంకోటి: "చుక్క" అనండి, "చెట్టు" అనండి. రెండు చ లు ఒకటి కావు, మొదటిదానికి నాలుక పళ్ళ దగ్గరికి పోతుంది. పాత వ్యాకరణాల్లో దాన్ని దంత్య చకారం అన్నారు, దానికి ౘ అనే గుర్తు కూడా ఉంది. మా ఆయనకి చెప్తే ఒప్పుకోలేదు. అద్దం ముందు నిలబెట్టాను. అప్పుడు ఒప్పుకున్నారు, కానీ ఆ రోజంతా చ ఉన్న మాట ఏదొచ్చినా తడబడ్డారు.

నాలుగో లెక్చర్ మనబోటి వాళ్ళ కోసమే చేసినట్టు ఉంటుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో వేసిన పేపర్ గురించి. ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరుగుతున్న పిల్లలకి హిందీలోని ట, త వినిపించారు. ధ్వని మారినప్పుడు తల తిప్పితే ఒక బొమ్మ వెలిగి ఆడుతుంది, పిల్లలు ఆ ఆట త్వరగానే పట్టేస్తారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టారు. పది నుంచి పన్నెండు నెలలవాళ్ళలో బహు కొద్దిమందే. అంటే పిల్లలు మొదటి పుట్టినరోజుకి ముందే, ఇంకా "అమ్మ" అని సరిగ్గా అనకముందే, ఇంట్లో పనికిరాని తేడాల్ని వినడం తగ్గించేస్తున్నారు. నేర్చుకోవడమంటే ఎప్పుడూ కూడబెట్టడమే అనుకుంటాం కదా.

ఆవిడ తర్వాత ఏం చేసిందంటే, కెమెరా ముందే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ట, త పరీక్ష తనే రాసింది. ఆవిడ మాతృభాష ఇంగ్లీషు. ఇన్నేళ్ళు ఈ ధ్వనుల మీద పేపర్లు చదివి, రాసి, పాఠాలు చెప్పిన మనిషి, వరసగా తప్పులు. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వచ్చేవి. నేను ఇక్కడ కూర్చుని నవ్వుతున్నాను, "అమ్మా, అది ట! ట!" అని స్క్రీన్‌కి చెప్తున్నాను. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి, ఇప్పుడు మీ వంతు అని, కెనడాలోని థామ్సన్ అనే సేలిష్ భాషలో రెండు ధ్వనులు వినిపించింది. వెర్కర్ పేపర్‌లో ఉన్న రెండో జత అదే. రెండూ క లాంటివే, గొంతులో బిగించి టక్కుమని వదిలేవి, ఒకటి ఇంకాస్త వెనక నుంచి వస్తుందట. వస్తుందట అని ఎందుకంటున్నానంటే నాకు రెండూ ఒకటే. ముప్ఫైసార్లు విన్నాను. ఒకటే. నవ్వు ఆగిపోయింది.

ఈ లెక్చర్‌లోనే ఒక ముక్క ఉంది, తెలుగువాళ్ళు చెవులు నిక్కించి వినాల్సింది. 1983లో పీటర్ లాడెఫోగెడ్, మన పేరి భాస్కరరావు గారు కలిసి ట లాంటి మూర్ధన్యాల్ని హిందీ, తమిళం, తెలుగు మాట్లాడేవాళ్ళలో పోల్చి చూశారు. ఒకే పేరుతో పిలిచే ధ్వనులే అయినా, తెలుగు, తమిళంవాళ్ళు నాలుకని హిందీవాళ్ళకన్నా ఎక్కువ వెనక్కి మడుస్తారు, కొన అడుగుభాగం అంగిట్లో తగిలేలాగ. "అట్ట" అని మెల్లగా అనుకుని చూడండి. నేను వింటూ వింటూ ఆగి ఓ పదిసార్లు అన్నాను. ఇంతకాలం నోట్లో పెట్టుకు తిరుగుతున్నదాని గురించి ఎవరో కొలిచి చెప్తే తప్ప తెలియకపోవడం తమాషాగా ఉంటుంది.

ఐదోది అంతకన్నా గమ్మత్తు. నాలుగో లెక్చర్ ప్రకారం మన భాషలో లేని ధ్వనులన్నీ మనకి వినబడకుండా పోవాలి కదా. కాదట. కేథరిన్ బెస్ట్, ఇంకో ఇద్దరు కలిసి 1988లో జులూ భాషలోని టకటక ధ్వనుల్ని, అదే మనం జాలిపడితే "చ్చొచ్చొచ్చో" అంటామే అలాంటివాటిని, ఇంగ్లీషు పెద్దవాళ్ళకి వినిపించారు. వాళ్ళు ఆ తేడాల్ని బాగానే పట్టారు. ఎందుకంటే వాళ్ళకి అవి మాటలోని ధ్వనుల్లాగే అనిపించలేదు, వాటిని పడేయడానికి వాళ్ళ భాషలో బుట్టే లేదు. గొడవంతా ఎక్కడొస్తుందంటే, పరాయి ధ్వనులు రెండు మన దగ్గరున్న ఒకే బుట్టలో పడినప్పుడు. అప్పుడు గోవిందా.

అదే నా కథ. ఇంగ్లీషులో పై పళ్ళు కింది పెదవికి తగిలించి పలికేది ఒకటి, పెదాలు సున్నాలా చుట్టి పలికేది ఇంకొకటి. మన వ వచ్చి రెంటికీ మధ్యన కూర్చుంది. తెరలాంటి ముసుగుకీ, తిమింగలానికీ ఉన్న ఇంగ్లీషు మాటల్ని తెలుగులో రాయాలంటే రెండూ "వెయిల్" అనే రాయాలి. రాయడానికే వీల్లేదు, ఇక వినడం, పలకడం ఎక్కడ! ఆఫీసు కాల్‌లో నవ్వింది కూడా దీని గురించే, ఏ మాటో మాత్రం చెప్పను.

జేమ్స్ ఫ్లెగీ అనే పరిశోధకుడి పేరు కోర్సంతా వినబడుతూ ఉంటుంది. ఆయన 1995లో చెప్పింది స్థూలంగా ఇదే: బొత్తిగా కొత్త ధ్వని కన్నా, మన దగ్గర ఉన్నదానిలాగే ఉండి కాస్త తేడాగా ఉండేదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కొత్తదైతే చెవి గుర్తుపట్టి పక్కన చోటిస్తుంది. దగ్గరి చుట్టంలా ఉంటే ఇంట్లో ఉన్నవాడే అనుకుని తలుపు తీసేస్తుంది. టేబుల్, డాక్టర్ అని మనం ట తో రాసుకుంటున్నాం, కానీ ఇంగ్లీషువాళ్ళ నాలుక అక్కడ వెనక్కి మడవదు, పళ్ళ వెనక గట్టు మీద ఆగుతుంది. త కాదు, ట కాదు. మనం ట లో వేసేశాం, ఫైలు మూసేశాం.

ఆరో లెక్చర్ సిద్ధాంతాల పేర్లతో నిండి ఉంది, నాకు నిద్రొచ్చింది, మళ్ళీ చూడలేదు. తొమ్మిదోది మెదడు స్కాన్ల గురించి, బొమ్మలు బాగున్నాయి, అంతే.

ఏడోది చిన్నపిల్లల మాటల మీద. జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ 1960లో రాసిన ఒక సంగతి ఉంది. ఒక పిల్లాడు చేప బొమ్మని "ఫిస్" అంటాడు, పెద్దవాళ్ళు వాడిలాగే "ఫిస్సా?" అని అడిగితే ఒప్పుకోడు, మళ్ళీ "ఫిస్" అనే అంటాడు. చివరికి వాళ్ళు "ఫిష్" అంటే అప్పుడు తృప్తిగా అవునంటాడు, అదీ "ఫిస్" అనే అంటూ. ఇది వినగానే నాకు మా మేనకోడలు గుర్తొచ్చింది. దానికి ర పలకదు, రైలుని లైలు అంటుంది. ఒకరోజు ముద్దొచ్చి "లైలు కావాలా తల్లీ" అన్నాను. అది నడుం మీద చేతులు పెట్టుకుని, "అత్తా, లైలు కాదు! లైలు!" అని కోప్పడింది. నేను మళ్ళీ "లైలేగా" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ. దాని చెవిలో ర ఎప్పుడో సరిగ్గా కూర్చుంది, నాలుకే ఇంకా అక్కడికి చేరలేదు, మధ్యలో నేను వెక్కిరిస్తున్నాను. ఈ లెక్చర్ ముందే విని ఉంటే ఆ రోజు నోరు మూసుకునేదాన్ని.

పదో లెక్చర్‌లో ఆవిడ తన కోర్సు మీద తనే ఒక చురక వేసుకుంటుంది. పెట్రీషియా కుల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికా పిల్లల్ని తీసుకుంది. కొంతమందితో చైనీస్ మాట్లాడే మనుషులు ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడుతూ, పుస్తకాలు చదువుతూ 12 సార్లు గడిపారు. ఇంకొంతమందికి అదే మనుషుల్ని, అదే మాటల్ని వీడియోలో చూపించారు. మనుషులతో గడిపిన పిల్లలు చైనీస్ ధ్వనుల తేడా చక్కగా పట్టారు. వీడియో చూసినవాళ్ళు ఏమీ నేర్చుకోలేదు. గుండుసున్నా. ఇది చెప్పి, మరి మీరిప్పుడు నన్ను దేంట్లో చూస్తున్నారు అని అడిగింది. పెద్దవాళ్ళ సంగతి వేరులెండి అని వెంటనే ఊరడించింది కూడా. టాబ్లెట్‌లో పాటలు పెట్టి పిల్లలకి భాష వచ్చేస్తుందనుకునే తల్లిదండ్రులు ఈ ఒక్కటైనా చూడాలి.

ఇక పదకొండు, పన్నెండు. నేను డబ్బు పెట్టింది వీటికే అనుకోవచ్చు. పెద్దయ్యాక వినబడని తేడా మళ్ళీ వినబడేలా చేయొచ్చా? ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజుల్లో జవాబు కాదనే. లెనెబర్గ్ 1967లో చెప్పిన వయసు గడువు మాట అందరి నోటా ఉండేది: ఈడు వచ్చేసరికి తలుపు మూసుకుంటుంది. ఆవిడా అదే పాఠంగా చెప్పింది కొన్నేళ్ళు. జపనీయులకి ఇంగ్లీషు ర, ల ల తేడా వినబడదన్నది అప్పటికే తెలిసిన సంగతి. వాళ్ళకి శిక్షణ ఇచ్చి చూస్తే పెద్దగా లాభం లేకపోయింది. అప్పుడు 1991లో లోగన్, లైవ్‌లీ, పిసోనీ అనే ముగ్గురు చేసిన మార్పు చూడ్డానికి చాలా చిన్నది. కంప్యూటర్ చేసిన శుభ్రమైన ధ్వనులు పక్కన పెట్టి, మామూలు మాటలు, రకరకాల గొంతులతో, మాట మొదట్లో, మధ్యలో, చివర్లో ధ్వని వచ్చేలా వినిపించారు. తప్పయితే వెంటనే చెప్పారు. మూడు వారాలు. మెరుగయ్యారు, ఎప్పుడూ వినని మాటల్లో కూడా. రెండేళ్ళకి, 1993లో, ఒకే ఒక్క గొంతుతో శిక్షణ ఇచ్చి చూశారు. ఆ గొంతులో బాగా పట్టారు, కొత్త మనిషి గొంతు వినిపిస్తే ఆ నేర్పు అక్కడికి రాలేదు. 1997లో ఆన్ బ్రాడ్లో, మరికొందరు చూపించింది ఇంకా బాగుంది: వినడంలో మాత్రమే శిక్షణ ఇచ్చినా పలకడం కూడా కొంత బాగుపడింది.

ఒకే గొంతు అయితే పని జరగదు అన్న ఆ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే ఆ లెక్చర్ అయ్యాక "ఇప్పుడు ప్రాక్టీసు చేయండి" అని బటన్ నొక్కితే వచ్చే సైటులో ఉన్నది ఒక్క గొంతు. ఒకే ఒక్క మగగొంతు, బహుశా స్టూడియోలో రికార్డు చేసింది, గాజులా శుభ్రంగా ఉంటుంది. నేను కోర్సు కొన్న మొదటి వారమే, పదకొండో లెక్చర్ దాకా రాకముందే, ఆ ప్రాక్టీసు మొదలుపెట్టేశాను. ముసుగు, తిమింగలం. ముసుగు, తిమింగలం. మొదటి రోజు పదికి ఐదు, రెండు వారాలకి పదికి పది. సైటు చప్పట్లు కొట్టింది, తెర మీద రంగు కాగితాలు రాలాయి, "మీరు నిపుణులు" అని బిళ్ళ ఇచ్చింది. నేను ఆ బిళ్ళ ఫొటో తీసి అక్కకి పంపాను కూడా, సిగ్గులేకుండా. మర్నాడు కాల్‌లో ఒక కొత్తావిడ మాట్లాడుతుంటే చెవులు రిక్కించి విన్నాను. మళ్ళీ ఒకటే వ. ఏమీ మారలేదు. తర్వాత పన్నెండో లెక్చర్‌లో 1993 సంగతి వస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను నేర్చుకున్నది ఆ ధ్వనిని కాదు, ఆ మనిషిని.

ఇంకా ఉన్నాయి. తప్పు చేస్తే ఏది సరైందో అక్కడికక్కడ చెప్పదు, పది ప్రశ్నలూ అయ్యాక మార్కులు చూపిస్తుంది. పెదాలు చూపించే వీడియో లేదు. ఈ రెండు ధ్వనులకీ తేడా కంటికి ఎంత స్పష్టంగా కనబడుతుందో, ఒకదానికి పళ్ళు, ఒకదానికి గుండ్రటి పెదాలు, అది చూపిస్తే సగం పని అయిపోయేది. కన్ను చెవిని ఎంత మార్చేస్తుందో మూడో లెక్చర్‌లో ఆవిడే చూపించింది, 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చేసిన తమాషాతో: చెవికి బ, కంటికి గ పలికే పెదాలు, మనకి వినబడేది డ. కళ్ళు మూస్తే బ, తెరిస్తే డ. మా ఇంట్లో అందరి మీదా ప్రయోగించాను, ఒక్కరూ తప్పించుకోలేదు. అంత చక్కగా చూపించి, ప్రాక్టీసులో పెదాల్ని దాచేస్తే ఎలా?

మైక్‌లో మనం పలికింది విని మార్కులేసే సదుపాయం కూడా ఒకటుంది. నేను కావాలని రెండుచోట్లా అచ్చ తెలుగు వ పలికాను. రెండింటికీ "అద్భుతం" వచ్చింది. ఒకసారి దగ్గాను. "ఇంకొంచెం ప్రయత్నించండి" అంది, అంటే దగ్గుకీ అద్భుతానికీ మధ్య పెద్ద దూరం లేదన్నమాట.

సపోర్టుకి మెయిల్ రాశాను, మీ కోర్సులో పన్నెండో లెక్చర్ మీరు చూశారా అని. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు. సబ్‌టైటిల్స్ మెషీన్ చేసినవి, ధ్వనులు వినిపించే చోటల్లా పిచ్చి మాటలు పడతాయి, థామ్సన్ భాష ధ్వనుల కింద "కాఫీ కాఫీ" అని వచ్చింది. ఇంకో జాగ్రత్త: స్పీడు పెంచుకుని వీడియోలు చూసే అలవాటుంటే ఈ కోర్సులో మానుకోండి. మిల్లీసెకన్ల తేడా వినిపించే చోట ఒకటిన్నర స్పీడులో వింటే ఆ తేడానే కుదించుకుపోతుంది. నేను రెండో లెక్చర్ మొదట అలాగే చూసి, ఏమీ అర్థంకాక ఆవిడని తిట్టుకున్నాను.

చివరికి నేనే ఒక ప్రాక్టీసు తయారుచేసుకున్నాను. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఆఫీసువాళ్ళు, స్నేహితుల స్నేహితులు, మొత్తం ఆరుగురిని బతిమాలి ఒక్కొక్కరి చేత ఇరవై జతల మాటలు ఫోన్‌లో రికార్డు చేయించాను. ఒకాయన వెనక కుక్క మొరుగుతూ ఉంటుంది, ఒకావిడకి జలుబు. అవే మంచివి. మా వాడు ఒక చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాడు, కలిపి వినిపించి, నొక్కగానే తప్పో ఒప్పో చెప్పేది. రంగు కాగితాలు లేవు. రోజుకి పావుగంట, మూడు వారాలు. మొదటి వారం చిరాకు తప్ప ఇంకేం లేదు. రెండో వారం మధ్యలో ఒకరోజు, జలుబావిడ గొంతులో, తిమింగలం ఒక్కసారిగా వేరుగా వినబడింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు, బుట్టకి అడుగున చీలిక వచ్చినట్టు. ఆ తర్వాత మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఏడో మనిషి గొంతులో కూడా ఎక్కువసార్లు పడుతున్నాను. పలకడం మాత్రం, తాపీగా అంటే వస్తుంది, మీటింగ్‌లో వాదనకి దిగితే పళ్ళూ లేవు, పెదాలూ లేవు, మన వ నే.

దాని గురించి ఇప్పుడు అంత టెన్షన్ పడడం లేదు, కారణం చివరి లెక్చర్. మన్రో, డెర్వింగ్ అనే ఇద్దరు 1995లో యాస ఎంత ఉందన్నదీ మాట ఎంత అర్థమైందన్నదీ విడివిడిగా కొలిచారు. యాస గట్టిగా ఉందని వినేవాళ్ళు మార్కులేసిన మాటల్లో చాలావాటిని అదే వినేవాళ్ళు పొల్లుపోకుండా రాసి చూపించారు. యాస ఉండడం వేరు, అర్థంకాకపోవడం వేరు. తన ఉద్యోగంలో మొదటి సగం "పుట్టుకతో వచ్చినవాళ్ళలాగా" పలికించడాన్నే గెలుపుగా లెక్కేశానని, ఆ లెక్క తప్పని, అందులో ఎంతమంది విద్యార్థుల్ని అనవసరంగా నిరుత్సాహపరిచానో అని ఆవిడ కాస్త ఆగి ఆగి చెప్పింది. సోనాగ్రాఫ్ కాగితాల పెట్టె అప్పుడు కూడా పక్కనే ఉంది.

కాబట్టి ఎవరు కొనాలి అంటే: చిన్నపిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళు, వేరే భాష నేర్పేవాళ్ళు, పిల్లలకి మాటలు దిద్దే స్పీచ్ థెరపీ చదువుతున్నవాళ్ళు, లేదా నాలాగా అద్దం ముందు "అట్ట, అత్త" అనుకుంటూ నవ్వుకునే రకం. లెక్చర్లు మాత్రమే విడిగా అమ్మితే అది తీసుకోండి. నెల రోజుల్లో యాస మార్చుకోవాలి అనుకునేవాళ్ళు వద్దు, ఆవిడే మిమ్మల్ని ఆ ఆలోచన మానుకోమంటుంది.

ఇది రాస్తుండగా మెయిల్ వచ్చింది, ప్రాక్టీసు సైటులో వినియోగదారుల కోరిక మేరకు రెండో గొంతు చేర్చామని. వెంటనే వెళ్ళి విన్నాను. అదే ఆయన. శ్రుతి కొంచెం పెంచారు.